తొమ్మిది ఎనిమిది కంటే పెద్దదా? వైజాగ్ నుంచి సెమియోటిక్స్ సమ్మర్ స్కూల్ దాకా

మా అక్క కూతురు యూరప్‌లో జరిగే ఓ అంతర్జాతీయ సమ్మర్ స్కూల్‌కి అప్లై చేస్తానంది. సబ్జెక్టు సెమియోటిక్స్. మా బావ మొదట అడిగింది "సెమీకండక్టర్సేనా?" అని. కాదని తెలిశాక ఆయన మొహంలో కరెంటు పోవడం నేను కళ్లారా చూశాను. "గుర్తుల గురించి చదువుతారు నాన్నా, ఒక గుర్తుకి అర్థం ఎలా వస్తుందో" అని పిల్ల సర్దిచెప్పబోతే, "గుర్తులంటే? ఫ్యానూ సైకిలూ గ్లాసూనా?" అన్నాడు.

అందరం నవ్వాం గానీ ఆ రెండో ప్రశ్న సరైన ప్రశ్నే. సైకిలుకీ ఒక పార్టీకీ ఏ చుట్టరికమూ లేదు, అయినా ఎన్నికల రోజుల్లో గోడ మీద సైకిలు బొమ్మ కనిపిస్తే పార్టీయే గుర్తొస్తుంది, అదే బొమ్మ మా వీధి చివర రిపేరు షాపు బోర్డు మీద ఉంటే పంక్చర్ గుర్తొస్తుంది. బొమ్మ ఒకటే. మరి అర్థం ఎక్కడుంది, బొమ్మలోనా, గోడలోనా, చూసేవాడి బుర్రలోనా? దీనికో శాస్త్రం ఉందనీ, వేసవిలో వారం పది రోజులు ఒకచోట చేరి ఇదే పనిగా మాట్లాడుకునే అలవాటు కొన్ని దేశాల్లో అరవై ఏళ్లుగా ఉందనీ చెబితే బావ నమ్మలేదు. ఆయనకి చెప్పడానికి మొదలుపెట్టిందే ఇదంతా, కాస్త పొడుగైంది.

వైజాగ్ వాళ్లకి ఈ సంగతి చెప్పడానికి సిద్ధాంతాలతో పనిలేదు, అక్టోబరూ నవంబరూ చాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే టీవీలో కింద స్క్రోలింగ్ మొదలవుతుంది: "విశాఖ పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక". రెండ్రోజులకి మూడో నంబరు. ఇక చుట్టాల ఫోన్లు. మూడా, అయ్యో, జాగ్రత్త. నంబరు పెరిగిన కొద్దీ టెన్షన్ పెరుగుతుంది, అంటే మనందరి మనసులో అదొక నిచ్చెన, ఒకటి కింది మెట్టు, పదకొండు పై మెట్టు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను, అదీ పోర్టులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి ఇంట్లో ఉండగా.

మొన్న ఈ సమ్మర్ స్కూల్ గొడవ నడుస్తుండగా మా నాన్న పిల్లని పిలిచి అడిగాడు: "ఏటే అమ్మలూ, తొమ్మిది ఎనిమిది కంటే పెద్దదా?"

"అవును తాతయ్యా."

"నీ మొహం. ఆ టీ గ్లాసు ఇలా తే."

గ్లాసు టేబుల్ మీద పెట్టాడు, అది తుఫాను. టేబుల్ అంచు తీరం. అంచు మీద తన కళ్లజోడు పెట్టాడు, అది వైజాగ్. "తుఫాను ఒక మనిషనుకో. సముద్రంలోంచి మన వైపు నడిచొస్తంది. పోర్టు దాని ఎడం చేతి పక్కన ఉండిపోతే ఎనిమిది. కుడి చేతి పక్కన ఉంటే తొమ్మిది. సరిగ్గా నెత్తిమీదికొస్తే పది." గ్లాసుని శ్రీకాకుళం వైపు తోశాడు, కళ్లజోడు ఎడమకి పడింది. వెనక్కి తెచ్చి కాకినాడ వైపు తోశాడు, కళ్లజోడు కుడికి పడింది. టీ కొంచెం ఒలికింది, అమ్మ చూడలేదు.

అసలు లెక్క ఇదీ. మన పోర్టుల్లో ఎగరేసే తుఫాను సంకేతాలు పదకొండు. ఒకటీ రెండూ దూరానివి, సముద్రంలో ఎక్కడో ఏదో ఉంది, పోర్టుకి ఇంకా ఏమీ కాదు, బయల్దేరే ఓడలు చూసుకోవాలి. మూడూ నాలుగూ స్థానికం, మూడంటే పోర్టు దగ్గర ఈదురుగాలులు వీయొచ్చని, నాలుగంటే సముద్రంలో ఉన్న తుఫాను తర్వాత ఈ పోర్టుని తాకొచ్చని. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం, అంటే తీవ్ర తుఫాను. ఈ రెండు గుంపుల్లోనూ మొదటి నంబరు ఎడమ, రెండోది కుడి, మూడోది నెత్తిమీద. అంటే నిచ్చెన అనుకున్నదాంట్లో కొన్ని మెట్లు పైకి పోవడం లేదు, పక్కకి పోతున్నాయి.

పిల్ల ఊరుకునే రకం కాదు. "కానీ తాతయ్యా, మన తీరంలో తుఫానుకి కుడి పక్కే గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతుంది, ఉప్పెన కూడా ఆ పక్కే ఎక్కువ. అంటే తొమ్మిది నిజంగానే ఎక్కువ ప్రమాదం కదా?" అంది. నిజమే. తుఫాను గాలులు మన దగ్గర గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి అలా జరుగుతుంది. కాకపోతే ఆ ప్రమాదం వచ్చింది పక్క వల్ల, తొమ్మిది అనే అంకె పెద్దదవడం వల్ల కాదు. ఒప్పు జవాబుకి తప్పు కారణంతో చేరుకుంటున్నాం మనం, ఇలాంటి చోటే సెమియోటిక్స్ వాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

ఇందులో తెలుగువాళ్లం మనం చేసిన ఘనకార్యం ఇంకొకటుంది. వాతావరణ శాఖ వాడే ఇంగ్లీషు పేర్లలో నాలుగు రకాలున్నాయి, ముందుజాగ్రత్త, హెచ్చరిక, ప్రమాదం, మహా ప్రమాదం అని. మన పేపర్లూ టీవీలూ ఆ నాలుగింటినీ కలిపి "ప్రమాద హెచ్చరిక" చేసేశాయి. ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక! ఒకటో నంబరు అర్థమే ఈ పోర్టుకి ఏమీ కాలేదని. పేరులో ఉండాల్సిన తేడాలు పోయేసరికి ఆ బరువంతా పాపం అంకెల మీద పడింది, ఇక అంకెల్ని నిచ్చెనలా చదవక మనం మాత్రం ఏం చేస్తాం.

ఇప్పుడు సొస్యూర్ దగ్గరికి. ఫెర్డినాండ్ ద సొస్యూర్ జెనీవాలో భాషాశాస్త్రం చెప్పిన మాస్టారు, సంస్కృతం బాగా చదివినవాడు, డాక్టరేటు రాసిందే సంస్కృత వ్యాకరణంలో ఒక విభక్తి ప్రయోగం మీద. 1907 నుంచి 1911 మధ్య మూడు విడతలుగా పాఠాలు చెప్పాడు, 1913లో పోయాడు, ఆ పాఠాల్ని పుస్తకంగా రాయలేదు. విద్యార్థుల నోట్సు పోగుచేసి 1916లో ఇద్దరు సహోద్యోగులు పుస్తకం వేశారు, తమాషా ఏంటంటే ఆ ఇద్దరూ ఆ పాఠాలు విన్నవాళ్లు కాదు. అందులో ముఖ్యమైన మాటలు రెండు. ఒకటి, శబ్దానికీ అర్థానికీ సహజమైన బంధం లేదు, చెట్టుని చెట్టు అనడానికి మనందరి ఒప్పుకోలు తప్ప కారణం లేదు. రెండోది మనకి ఇక్కడ పనికొచ్చేది: ఏ గుర్తూ ఒంటరిగా అర్థమివ్వదు, పక్కనున్న గుర్తుల కంటే తేడాగా ఉండటం వల్లే ఇస్తుంది. మూడో నంబరుకి అర్థం మూడులో లేదు, రెండుకీ నాలుగుకీ మధ్య దానికున్న చోటులో ఉంది. పేర్లలో తేడా చెరిపేస్తే ఏమవుతుందో పైన చూశాం.

సొస్యూర్‌కి తెలియకుండానే అట్లాంటిక్ అవతల ఇదే పని ఇంకొకాయన చేశాడు. చార్ల్స్ శాండర్స్ పర్స్, స్పెల్లింగు చూసి అందరూ పియర్స్ అంటారు. ఈయన ఉద్యోగం నాకు భలే నచ్చుతుంది, ముప్ఫై ఏళ్లు అమెరికా ప్రభుత్వ తీర సర్వే శాఖలో చేశాడు. ఓడలకి గుర్తులు ఎంత అవసరమో తెలిసిన చోట కూర్చుని గుర్తుల గురించి ఆలోచించాడన్నమాట. ఆయన చేసిన విభజనకి తెలుగులో మూడు మంచి మాటలున్నాయి: పోలిక, ఆనవాలు, ఒప్పందం. పోలికంటే గుర్తు ఆ వస్తువులా ఉండటం, మన డాల్ఫిన్ నోస్ కొండకి ఆ పేరు అలా వచ్చిందే. ఆనవాలంటే అసలు వస్తువు దాన్ని తాకి వదిలిన జాడ, ఇసుకలో అడుగు, కొండ మీద పొగ, గాలి ఎటుంటే అటు తిరిగే కోడి బొమ్మ, ఈ చివరిది పర్స్ సొంత ఉదాహరణే. ఒప్పందమంటే ట్రాఫిక్ ఎర్రదీపం, పోర్టులో పదో నంబరు, మనం మాట్లాడే ప్రతి మాట.

కొండ మీద పొగ అనగానే తర్కశాస్త్రం చదివినవాళ్లు లేచి నిలబడతారు, తెలుసు. పర్వతం మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అనేది న్యాయదర్శనంలో అనుమానానికి, అంటే కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చుకోవడానికి, అందరూ చెప్పే ఉదాహరణ, నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత కూడా అక్కడే తిరుగుతుంది. వ్యంజన గురించి, అంటే మాట పైకి చెప్పకుండా సూచించే అర్థం గురించి, ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే చెప్పినంత వివరంగా చాలామంది ఇప్పటికీ చెప్పలేదు. ఇవన్నీ నిజాలు. కానీ "మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు" అని చేతులు దులుపుకునేవాళ్లలో ఎక్కువమంది ఆ చెప్పింది చదవరు, నా కోపం అక్కడ. మా మేనకోడలు యూరప్ వెళ్తే ఆ కొండ మీద పొగ గురించి అక్కడ చెప్పొస్తే బావుంటుంది, ఇక్కడ కూర్చుని గర్వపడటం కంటే.

పర్స్ చెప్పినదాంట్లో అసలు కీలకం మూడోది. గుర్తు ఉంది, అది చూపించే వస్తువు ఉంది, వాటితో పాటు చూసేవాడి మనసులో పుట్టే ఇంకో గుర్తు ఉంది. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉండీ లేనట్టే. దీన్ని మేం 2014 అక్టోబర్ 12న ప్రాక్టికల్‌గా చదువుకున్నాం.

హుద్‌హుద్ రోజు. సీతమ్మధారలో ఉండేవాళ్లం. పొద్దున్నుంచీ కిటికీలు పట్టుకుని కూర్చున్నాం, బయట చెట్లు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తగ్గడం కూడా కాదు, ఆగిపోవడం. ఐదు నిమిషాల్లో వీధంతా బయటికొచ్చింది, ఒకాయన స్కూటర్ మీద పడ్డ కొమ్మ తీస్తున్నాడు, పిల్లలు రేకులు ఏరుతున్నారు, నేను గేటు దాకా వెళ్లాను. వెనక నుంచి నాన్న అరిచాడు, "లోపలికి రండ్రా, ఇది కన్ను!" తుఫాను నడిమధ్య గాలి ఉండని చోటన్నమాట. ఎదురింటి వాళ్లు ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. కాసేపటికి గాలి మళ్లీ వచ్చింది, ఈసారి అవతలి దిక్కు నుంచి, అప్పటిదాకా ఒక పక్కకి వంగి నిలబడ్డ చెట్లు ఆ రెండో విడతలో పోయాయి.

గుర్తు అందరికీ ఒకటే, నిశ్శబ్దం. దాన్ని మేం "అయిపోయింది" అని చదివాం, ఆయన "సగం అయింది" అని చదివాడు. ఇటలీ పండితుడు ఉంబెర్తో ఎకో 1975లో ఒక మాటన్నాడు, అబద్ధమాడటానికి వాడుకోగలిగిన ప్రతిదాన్నీ చదివే శాస్త్రమే సెమియోటిక్స్ అని. తెలివైన మాటే, కానీ ఆ రోజు గాలి అబద్ధమాడలేదు, ఆనవాలు ఉన్నదున్నట్టే చెప్పింది, మాకే చదవడం రాలేదు.

ఆ పేరు చూడండి. హుద్‌హుద్ అంటే అరబ్బీలో ఒక పిట్ట, ఒమన్ ఇచ్చిన పేరు, పిట్ట కూతని బట్టే ఆ మాట పుట్టిందంటారు. కూతకి పోలికగా పుట్టిన మాట ఒప్పందంగా మారి, తుఫాన్ల జాబితాలోకెక్కి, మా ఊరిలో దిగింది. ఇప్పుడు వైజాగ్‌లో ఆ మాటంటే ఎవరికైనా పిట్ట గుర్తొస్తుందా?

సరే, సమ్మర్ స్కూల్ సంగతి. ఈ అలవాటు గట్టిగా పాతుకున్న చోటు ఎస్టోనియా, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగం. యూరీ లోట్‌మన్ అని సాహిత్యం మాస్టారు. 1922లో పుట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో టెలిఫోన్ లైన్లు చూసే సైనికుడిగా చేశాడు, తెగిన తీగలు వెతికి కలపడం పని. యుద్ధం తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో చదువు ముగించాడు, యూదుడు కావడంతో అక్కడ ఉద్యోగం దొరకలేదు, 1950లో టార్టు అనే చిన్న ఊరికి చేరాడు. మాస్కోలో అప్పటికే కొందరు భాషాశాస్త్రజ్ఞులూ గణితజ్ఞులూ సంకేతాల మీద పనిచేస్తున్నారు, 1962లో వాళ్లు పెట్టిన సదస్సు పైవాళ్లకి నచ్చలేదు, సెమియోటిక్స్ అన్న మాటే అనుమానపు మాటైపోయింది. అప్పుడు లోట్‌మన్ వాళ్లని తన వైపు పిలిచాడు. 1964 ఆగస్టులో, టార్టు యూనివర్సిటీకి పల్లెలో కార్యిక్కు అనే చోట ఉన్న క్రీడా శిబిరంలో, మొదటి సమ్మర్ స్కూల్ జరిగింది.

ఆ పాఠశాల పేరులోనే సెమియోటిక్స్ పాఠం ఉంది. సెమియోటిక్స్ అని బోర్డు పెడితే ఇబ్బంది, అందుకని వ్లాదిమిర్ ఉస్పెన్‌స్కీ అనే గణితజ్ఞుడు ఒక పేరు సూచించాడు, "ద్వితీయ నమూనా వ్యవస్థలు". వినగానే ఇంజినీరింగ్ సబ్జెక్టులా ఉంటుంది, చదివినవాడికి ఏమీ అర్థం కాదు, అదే దాని గొప్పతనం. తర్వాత ఆ పేరుకి నిజమైన అర్థం కూడా కుదిరింది: భాష లోకానికి మొదటి నమూనా, దాని మీద కట్టుకున్న సాహిత్యం, పురాణం, ఆచారం, కళ రెండో వరస నమూనాలు. ముసుగుగా పెట్టుకున్న పేరు సిద్ధాంతమై కూర్చుంది.

1966, 1968, 1970ల్లో కూడా జరిగాయి. 1966లో అమెరికా నుంచి రోమన్ జేకబ్‌సన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు వచ్చాడు, ఆ రంగంలో అంత పెద్దాయన ఆ పల్లెలో దిగాడంటే ఊహించుకోండి. 1970 జనవరిలో లోట్‌మన్ ఇంట్లో కేజీబీ సోదా చేసింది. ఆ రోజుల్లోనే, 1969 డిసెంబర్‌లో, ఎస్టోనియాకి పక్కనే ఉన్న లాత్వియాలోని రీగాలో మన నౌకాదళం ఒక జలాంతర్గామిని చేర్చుకుంది. అది ఐఎన్ఎస్ కురుసుర, ఇప్పుడు ఆర్కే బీచ్‌లో ఇసుక మీద ఉంది, 2002 నుంచి మ్యూజియం. ఎవరి కంటా పడకుండా ఉండటమే పనిగా కట్టిన వస్తువు, ఇప్పుడు ఊళ్లో అందరికంటే ఎక్కువగా కనపడేది అదే, జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. ఇనుమేమీ మారలేదు. పెట్టిన చోటు మారింది, దాంతో మాట మారింది. సొస్యూర్‌కి బీచ్‌లో ముంత మసాలా తింటూ అర్థమయ్యేది.

తర్వాత ఈ పద్ధతి అటూ ఇటూ పాకింది. ఇటలీలో ఉర్బినో, ఫిన్లాండ్‌లో రష్యా సరిహద్దు దగ్గర ఇమాత్రా, అక్కడ ఏరో తరాస్తి అనే సంగీత శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి నడిపించాడు, బల్గేరియాలో నల్ల సముద్రం ఒడ్డున సొజోపోల్. టార్టు వాళ్లు కూడా 2011 నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం విద్యార్థుల పేపర్లు, సాయంత్రం షికార్లు, ఇంతే. డిపార్ట్‌మెంట్ పెట్టొచ్చుగా, వేసవి బడి ఎందుకు అంటే, ఇది ఏ ఒక్క డిపార్ట్‌మెంట్‌లోనూ ఇమడదు. జంతువుల సైగల మీద పనిచేసే జీవశాస్త్రవేత్తా, ప్రకటనలు రాసేవాడూ, గుడి శిల్పం చదివేవాడూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలంటే సెలవుల్లోనే కుదురుతుంది. ఇందులో చెత్త కూడా తక్కువేం కాదు, మామూలు సంగతిని పెద్ద పెద్ద పదాల్లో చుట్టి వడ్డించే పేపర్లు నేనే బోలెడు చదివాను. ప్రతిదీ సంకేతమే అంటే ఇక చెప్పడానికేం మిగులుతుందన్న విమర్శ కూడా న్యాయమైందే.

"మరి ఉపయోగం?" అని బావ. ఆయనకి అణు వ్యర్థాల కథ చెప్పాను. 1980ల మొదట్లో అమెరికా ప్రభుత్వానికి ఒక చిక్కొచ్చింది, పాతిపెట్టే అణు వ్యర్థాల జోలికి పదివేల ఏళ్ల దాకా ఎవరూ పోకుండా ఎలా చెప్పాలి? ఏ భాషలో? థామస్ సెబియోక్ అనే సెమియోటిక్స్ పండితుణ్ణి అడిగారు. ఏ బోర్డూ ఏ బొమ్మా ఒక్కటీ చాలదు, ప్రతి కొన్ని తరాలకీ కొత్తగా తిరగరాస్తూ పోవాలి, ఆ పని చూసుకోవడానికి పూజారుల్లాంటి ఒక వర్గం, చుట్టూ కథలూ ఆచారాలూ ఉండాలి అని 1984లో నివేదిక ఇచ్చాడు. చాలామంది నవ్వారు.

మనకి పదివేలదాకా అక్కర్లేదు, భీమిలి రోడ్డు మీద తొట్లకొండ ఎక్కితే చాలు. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం, 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. అక్కడ దొరికిన బ్రాహ్మీ శాసనంలో ఆ కొండ పేరు సేనగిరి. ఆ పేరు ఊళ్లో ఎవరికీ మిగల్లేదు, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు మిగిలాయి, వాటిని చూసి తొట్లకొండ అన్నారు. భిక్షువులు అక్షరాలు రాసిపెట్టుకున్నారు, మనం గుంటలు చదివాం. బావ దీనికి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "వీసాకి ఎంతవుతుంది" అని అడిగాడు, దాన్ని ఆనవాలుగా తీసుకున్నాం.

అప్లికేషన్‌తో పాటు ఒక పేజీ రాసి పంపాలి, ఎందుకు రావాలనుకుంటున్నావో. పిల్ల తుఫాను నంబర్ల గురించి రాస్తోంది, ఎడమా కుడీ తాతయ్యతో రెండుసార్లు సరిచూసుకుంది. పదకొండో నంబరు దగ్గర ఆగి ఆయన్ని అడిగింది, పదే అన్నిటికంటే ఘోరమైతే పదకొండేంటని.

"అదా. తుఫాను ఆఫీసుతో మాకు లైను తెగిపోయిందని."

"అంటే ఏం జరుగుతోందో మాకు తెలీదు అని చెప్పడానికి ఒక గుర్తా?"

"మరి ఓడలోళ్లకి చెప్పొద్దా?"

అది రాసేసింది. ఇప్పుడు ఇరుక్కున్నది మొదటి వాక్యం దగ్గర. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అంటే మా ఇంట్లో ఏం జరుగుతుందో రాయాలి, కొవ్వొత్తులు, బకెట్లలో నీళ్లు, అమ్మమ్మ ఫోను. దాన్ని ఇంగ్లీషులో డేంజర్ అని రాస్తే తప్పు, ఆ నంబరుకి ఆ పేరు లేదు. శాఖవాళ్లు పెట్టిన అసలు పేరు రాస్తే అది మేం ఎప్పుడూ విన్న మాట కాదు. రెండ్రోజులుగా ఆ ఒక్క మాట కొట్టేసి మళ్లీ రాస్తోంది.